విదేశంలో పాఠం చెప్పబోయేవారికి తలకిందుల సలహాలు

మార్టూరు నుంచి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లే పిల్లలకు ఏ పెట్టెలో ఏం సర్దుకోవాలో చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. జీతం లేకుండా పాఠాలు చెప్పడానికి నేపాల్‌కో, టాంజానియాకో, కెన్యాకో వెళ్తానంటే మాత్రం దారి చెప్పేవాళ్లు కరువు. ఆయా సంస్థల ప్రకటనలే దిక్కు. వారంలో ఐదు రోజులు బడి, రెండు రోజులు అడవి. పిల్లల నవ్వులు, ఏనుగుల మందలు. ఉత్సాహం ఉంటే చాలు, అనుభవం అక్కర్లేదు. ఈ మాటలు నమ్మి బయల్దేరితే బడికీ, అడవికీ, మీకూ నష్టమే. నేను చెప్పేవి ఆ ప్రకటనలకు పూర్తిగా ఎదురు నడిచే సలహాలు. వినగానే తప్పుగా, మొండిగా తోస్తాయి. అయినా ఒక్కొక్కటీ ఆలోచించే చెబుతున్నాను.

విమానం టికెట్ కొనకముందే పరదేశంలో పాఠం చెప్పండి

ఆ పరదేశం మార్టూరులోనే ఉంది. రహదారి వెంబడి ఉన్న గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు రాయి కోస్తున్నారు, పాలిష్ పడుతున్నారు. కొందరు పెళ్లాం బిడ్డలతో వచ్చారు. వాళ్ల పిల్లలకు ఇంట్లో ఒడియా, ఫ్యాక్టరీ ఆవరణలో హిందీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఎనిమిదేళ్ల పిల్ల తలకు నాలుగు భాషల బరువు.

అలాంటి పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టుకుని ఒక నెలపాటు రోజూ సాయంత్రం గంటసేపు చదివించి చూడండి. మీ మాట వాళ్లకు తెలియదు, వాళ్ల మాట మీకు తెలియదు. ఏడు అంటే ఎంతో చెప్పడానికి చింతపిక్కలు పరచాలి. ఒక పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వస్తుంది. వాణ్ణి దింపితే ఏడుస్తాడు, ఎత్తుకుంటే ఆ పిల్ల రాయలేదు. ఇంకొకడు బాగా పట్టుకుంటున్నాడనుకునేలోపు, తండ్రి చీమకుర్తి వైపు పనికి మారాడని రావడం మానేస్తాడు. ఆఫ్రికాలోనో నేపాల్‌లోనో మీకు ఎదురయ్యేవి అచ్చంగా ఇవే. ఆ సాయంత్రాలు మీకు విసుగు పుట్టిస్తే టికెట్ డబ్బు మిగిలినట్టే. విసుగు పుట్టకపోతే మీరు వెళ్లదగిన మనిషి.

మిరప కోతల కాలంలోనూ ఇదే కథ. జనవరి దాటాక కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మన మిరప చేలకు వలస వస్తాయి. వెంట వచ్చిన పిల్లల పేర్లు సొంత ఊరి హాజరు పట్టీలో ఉంటాయి, మనుషులు మన పొలం గట్టు మీద ఉంటారు. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం వాళ్ల ఊళ్లలో ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది కానీ, అందరూ వాటిలో ఉండిపోరు. తెలుగే మాట్లాడే ఆ పిల్లల్ని పట్టించుకోకుండా పదివేల రూపాయలు పెట్టి వీసాలు తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఈ పనికి చెల్లినట్టు మరే పనికీ చెల్లదు.

వెళ్లాక మొదటి రెండు వారాలు పాఠం చెప్పకండి

చివరి బెంచీలో కూర్చోండి. ఆ ఊరి టీచరమ్మ పిల్లల్ని ఎలా పిలుస్తోంది, ఏ గంటకు పిల్లలకు ఆకలి మొదలై ధ్యాస తప్పుతోంది, పుస్తకం లేని పిల్ల ఎవరి పక్కన చేరుతోంది, వాన వస్తే ఎవరు రావడం లేదు, ఇవన్నీ చూడండి. అరవైమంది పిల్లలతో ఆమె ఎక్కాలు వల్లె వేయిస్తుంటే మీకు పాతకాలపు పద్ధతి అనిపించవచ్చు. అరవైమందికి పది పుస్తకాలున్న గదిలో ఆ వల్లెవేత వల్లనే పిల్లలందరి నోటా పాఠం పలుకుతోందని రెండో వారానికి తెలుస్తుంది. మీరు మొదటి రోజే ఆటలు, పాటలు, చప్పట్లతో తరగతిని ఉర్రూతలూగిస్తే పిల్లలు మీ చుట్టూ చేరతారు. మీరు వెళ్లిపోయాక ఆ పిల్లలకు సొంత టీచరు చప్పగా కనిపిస్తుంది. ఇంతకంటే పెద్ద అపకారం ఆ బడికి చేయలేరు.

కాబట్టి ఆమె తరగతిని మీరు తీసుకోకండి. నోటుపుస్తకాలు దిద్దండి. వెనకబడిన ఆరుగురిని చెట్టు కిందికి తీసుకెళ్లి చదివించండి. ఏం చేయమంటారని ఆమెనే అడగండి. ఆమె కంటే మీకు చదువు ఎక్కువ కావచ్చు, ఆ పిల్లల గురించి ఆమెకు తెలిసిందే ఎక్కువ.

ఇంగ్లీషు చెప్పడానికే వెళ్లకండి

ఎక్కడికి వెళ్లినా అందరూ మిమ్మల్ని ఇంగ్లీషే చెప్పమంటారు. టాంజానియా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చదువు స్వాహిలీలో సాగుతుంది. హైస్కూలుకు వచ్చేసరికి ఒక్కసారిగా ఇంగ్లీషు అవుతుంది. పిల్లలు అక్కడే తడబడతారు. తెలుగు మాధ్యమం నుంచి ఇంటర్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో పడ్డ మనవాళ్లకు ఆ కష్టం తెలుసు. కానీ మూడు నెలల్లో మీరు నేర్పగలిగే ఇంగ్లీషు, పలకరింపులు, రంగుల పేర్లు దాటదు. తర్వాత వచ్చే వాలంటీరు మళ్లీ అవే రంగులు నేర్పుతాడు. ఏడాదికి నాలుగుసార్లు నీలం, ఎరుపు నేర్చుకునే పిల్లలు కూడికల దగ్గరే ఉండిపోతారు.

లెక్కలు పట్టుకోండి, చదవడం పట్టుకోండి. దీనికి మన దేశంలోనే పుట్టిన పద్ధతి ఒకటుంది. ప్రథమ్ సంస్థ మన పల్లెల్లో ఏళ్ల తరబడి చేసి చూసిన పని అది. పిల్లల్ని వయసును బట్టి, తరగతిని బట్టి కాకుండా, ఎంతవరకు చదవగలరో చూసి జట్లుగా కూర్చోబెడతారు. అక్షరం రానివాళ్లు ఒక జట్టు, పదం చదవగలిగినవాళ్లు ఒక జట్టు, పేరా చదవగలిగినవాళ్లు ఒక జట్టు. రోజూ ఒక గంట ఎవరి మెట్టు నుంచి వాళ్లు పైకెక్కుతారు. జాంబియా ప్రభుత్వం 2016లో ఈ పద్ధతినే 'క్యాచ్ అప్' పేరుతో తన బడుల్లో మొదలుపెట్టింది. ఆఫ్రికాకు మన దగ్గరి నుంచి వెళ్లిన చదువుల పనుల్లో ఇది నాకు గర్వంగా అనిపించేది. మీరు వెళ్లే ముందు ఈ జట్ల పద్ధతి నేర్చుకోండి. దానికి కావలసినవి ఒక కాగితం, ఒక పెన్సిలు, ఓపిక. పిల్లల భాషలో నలభై మాటలు మీకు వస్తే చాలు.

మీరు తెచ్చుకున్న పని పక్కన పెట్టండి

మన గుంటూరు, ఒంగోలు సీమకు పరదేశాల నుంచి పాఠం చెప్పడానికి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లు వచ్చింది క్రైస్తవ మత ప్రచారానికే, ఆ సంగతి దాచనక్కర్లేదు. అయినా వాళ్ల నుంచి నేర్చుకోవలసింది ఉంది. లూథరన్ మిషనరీ జె. సి. ఎఫ్. హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకుని బడులు తెరిచాడు. వయసు మీరిందని, కొత్త భాష ఇక రాదని అనుకునే రిటైర్డ్ మాస్టర్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

అన్నా సారా కూగ్లర్ వైద్యం చదివిన మనిషి. 1883లో గుంటూరు వచ్చినప్పుడు లూథరన్ మిషన్ ఆమెకు అప్పగించింది ఆడపిల్లల బడుల పని, ఇళ్లు దాటి రాని స్త్రీలకు చదువు చెప్పే పని. ఆమె ఆ పనిని వదల్లేదు. కానీ మగ వైద్యుడికి చెయ్యి కూడా చూపించని ఆడవాళ్లు జబ్బులతో ఆమె దగ్గరికి రావడం మొదలైంది. 1885లో మిషన్ ఆమెను వైద్యురాలిగా గుర్తించింది. 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచారు. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఒంగోలులో మిషనరీ జాన్ క్లఫ్ సంగతీ అలాంటిదే. 1876-78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. కుర్రతనంలో నేర్చుకున్న సర్వే పని అప్పుడు పనికొచ్చింది. బోధించడానికి వచ్చిన మనిషి ముందు కాలువ తవ్వించాల్సి వచ్చింది.

ఇదే సీమలో ఇంకో ఉదాహరణా ఉంది, అదీ చెప్పాలి. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్తులని చట్టం ముద్ర వేసిన రోజుల్లో, మద్రాసు ప్రభుత్వం వాళ్లను ఒకచోట చేర్చి ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించింది. బడి పెట్టారు, పని చూపారు. కానీ హాజరు పిల్లలకే కాదు, పెద్దలకూ తీసుకునేవారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఆ చట్టం 1952లో పోయింది, ఊరి మీద పడ్డ మచ్చ తరాల తరబడి పోలేదు. ఎదుటివాళ్లను బాగుచేయాలన్న పట్టుదలతో, వాళ్ల మీద అధికారంతో వచ్చే చదువు ఎటు తిరుగుతుందో తెలియాలంటే స్టూవర్టుపురం చరిత్ర చదవండి. మీ చేతిలో అంత అధికారం ఉండదు నిజమే. పేదవాళ్ల పిల్లల ముందు పాస్‌పోర్టుతో నిలబడ్డ మనిషికి కొంత అధికారం దానంతటదే వస్తుంది.

పచ్చడి సీసా ఇంట్లోనే వదిలేయండి

గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకకు ఇది కష్టమే. కానీ పెట్టెలో గోంగూర పచ్చడి, కందిపొడి ఉన్నంతకాలం మీరు ఎవరింటికీ భోజనానికి వెళ్లరు. భోజనానికి వెళ్లకపోతే ఆ ఊరి జీవితం మీకు తెలియదు. టాంజానియాలో మొక్కజొన్న పిండితో చేసే ఉగాలీ తినండి, నేపాల్‌లో పప్పూ అన్నం తినండి. వంటింట్లో కూర్చుని తినండి.

మార్టూరు పిల్లలకు అక్కడ పత్తి అనే ఒక తలుపు ముందే తెరిచి ఉంది. టాంజానియాలో పత్తి ఎక్కువగా పండేది విక్టోరియా సరస్సు దాపుల్లోని సిమియు, షిన్యాంగా ప్రాంతాల్లో. సెరెంగెటి జాతీయ ఉద్యానం సిమియును ఆనుకునే ఉంది. పర్యాటకులు విమానం దిగి నేరుగా జీపెక్కి సింహాల వైపు వెళ్తారు. మీరు పత్తి చేలో ఆగండి. మీకు గులాబీ పురుగు తెలుసు, పత్తి తీసే చేతులకు పడే గీతలు తెలుసు, తూకంలో మోసం తెలుసు. 1987-88లో మన ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ఎలా తినేసిందో, విపరీతంగా మందులు కొట్టడం వల్లనే దోమ ఎలా పెరిగిందో, అప్పుల్లో మునిగిన రైతులు ఎలా ప్రాణాలు తీసుకున్నారో చెప్పండి. అక్కడి రైతు వింటాడు. తన సంగతులూ చెబుతాడు. రాత్రిపూట ఏనుగులు చేలో పడితే ఏం చేస్తాడో చెబుతాడు. మూడు నెలల్లో మీరు చెప్పే పాఠాలన్నిటికంటే ఆ సంభాషణ విలువైనది కావచ్చు. రైతు ఇంటి నుంచి వచ్చిన వాలంటీరు అక్కడ బాగా అరుదు.

అడవి కోసం తొందరపడకండి, జంతువు దగ్గరికి రాకపోతే సంతోషించండి

ముందు మన దగ్గరున్నవి చూశారా? గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటున్నారు. బాపట్ల సూర్యలంక తీరానికి శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాళ్లు గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు. తాబేలు పిల్లలు వెలుగు ఉన్న వైపు పరుగెడతాయి. సముద్రం మీది మెరుపు కంటే రిసార్టు దీపాలు ఎక్కువ వెలిగితే ఊరి వైపు పాకి చస్తాయి. ఒడ్డున దీపం ఆర్పించడం ఎంత కష్టమో అక్కడి బెస్తవాళ్లతో, అటవీ సిబ్బందితో మాట్లాడితే తెలుస్తుంది. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులికి కాపలా కాసేవాళ్లలో చెంచులు ఉన్నారు. ఇవన్నీ చూసిన కంటికి విదేశంలోని అడవి మరోలా కనబడుతుంది. ఆ జంతువు వెనక ఉన్న మనిషి కూడా కనబడతాడు.

నేపాల్‌లోని చిత్వాన్‌కు వెళ్లేవాళ్లు ఒంటికొమ్ము ఖడ్గమృగం కోసం వెళ్తారు. నేపాల్‌లో పులుల సంఖ్య పుష్కరకాలంలో 121 నుంచి 2022 లెక్కకు 355కు పెరిగింది. ప్రపంచం మెచ్చుకుంది, మెచ్చుకోదగిందే. అదే కాలంలో అడవి అంచున గడ్డి కోయడానికి వెళ్లినవాళ్లు పులుల బారిన పడ్డారు. మీ తరగతిలో ఆ ఇంటి పిల్ల ఉండవచ్చు. ఆ పిల్ల ముందు పులి ఫొటో చూపించి మురిసిపోకండి. అక్కడి ఉద్యానాల ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊళ్లకు చేరాలని నేపాల్ చట్టం చెబుతోంది. మీరు పనిచేసే బడికి అందులో ఏమైనా వచ్చిందా అని ఊరి కమిటీని అడగండి. ఏనుగెక్కి తిరగడం కంటే ఆ ప్రశ్న అడవికి మేలు చేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. సింహం పిల్లను ఒళ్లో పెట్టుకుని పాలు పట్టించే 'స్వచ్ఛంద సేవ' ఎవరు ఆశ చూపించినా ఒప్పుకోకండి. దక్షిణాఫ్రికాలో అలా పెరిగిన సింహాలు చాలాచోట్ల చివరికి కంచె లోపలి వేటకు, ఎముకల వ్యాపారానికి చేరాయి. ఆ వ్యాపారాన్ని ఆపుతామని 2021లో ఆ దేశ ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది. తల్లి నుంచి వేరుచేసిన పిల్ల అడవికి తిరిగి వెళ్లదు.

పిల్లలకు మరీ దగ్గర కాకండి

అనాథాశ్రమానికి అసలే వెళ్లకండి. కంబోడియాలోని ఆశ్రమాల పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని అక్కడి లెక్కలే చెప్పాయి. విదేశీ వాలంటీర్లు, వాళ్ల విరాళాలు వస్తాయని పేద తల్లిదండ్రులకు చదువు ఆశ పెట్టి పిల్లల్ని తెచ్చి ఆశ్రమాలు నింపారు. నేపాల్‌లోనూ ఇదే జరిగింది. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ దీన్ని ఆధునిక బానిసత్వం కిందే చర్చించింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలో ఆశ్రమాల్లో పర్యాటకుల సేవ గురించి హెచ్చరించింది. మూడు నెలలకొకరు వచ్చి ఎత్తుకుని ముద్దుచేసి, ఏడుస్తూ వీడ్కోలు చెప్పి వెళ్లిపోతుంటే ఆ బిడ్డకు ప్రతిసారీ ఎవరో తనను వదిలి వెళ్లినట్టే. బడిలో కూడా ఒక దూరం ఉంచండి. పిల్లల ఫొటోలు తీయకండి. మన పిల్లల బడిలోకి ఎవరో తెలియని విదేశీయుడు వచ్చి ఫొటోలు తీస్తే ఊరుకుంటామా?

బహుమతులు కూడా వద్దు. బలపాలు, బొమ్మలు, చాక్లెట్లు మోసుకెళ్లకండి. ఆ ఊరి అంగడిలో కొనండి, అంగడివాడికి బేరం, బడికి సరుకు. అదీ టీచరు చేతికివ్వండి, మీ చేత్తో పంచకండి.

కాగితాల గురించి నాలుగు మాటలు. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. మిగతా చాలా దేశాల్లో పర్యాటక వీసాతో బడిలో పనిచేయడం చట్టవిరుద్ధం, జీతం తీసుకోకపోయినా సరే. మీ దగ్గర పెద్ద మొత్తం ఫీజు తీసుకునే సంస్థను అందులో ఎంత బడికి చేరుతుందో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే అక్కడితో వదిలేయండి. కెన్యా, ఉగాండా, ఇథియోపియా వెళ్లేవాళ్లు బయల్దేరే పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

చివరిగా, అమెరికాలో స్థిరపడ్డ మార్టూరు, అద్దంకి, చిలకలూరిపేట వైపు తల్లిదండ్రులకు. మీ పిల్లల కాలేజీ దరఖాస్తులో సేవ గంటలు చూపించాలి కాబట్టి, జూన్‌లో తాతగారి ఊరికి వచ్చినప్పుడు ప్రభుత్వ బడిలో ఒక వారం ఇంగ్లీషు చెప్పిస్తున్నారు. మీ ఉద్దేశం మంచిదే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ బడి తెరిచిన మొదటి వారాలవి. పుస్తకాలు, యూనిఫాంలు పంచాలి, కొత్తగా చేరిన పిల్లల పేర్లు రాసుకోవాలి. టీచర్లకు ఊపిరి సలపని రోజులు. ఒక వారం వచ్చి వెళ్లిపోయే అన్న వల్ల ఆ పిల్లలకు ఒరిగేది లేదు. మీరుండే అమెరికాలో సిలికానాంధ్ర సంస్థ 2007 నుంచి మనబడి నడుపుతోంది. తెలుగువాళ్లు తమ వారాంతాలు ఇచ్చి ఏళ్ల తరబడి ఒకే తరగతి పిల్లలకు తెలుగు నేర్పుతున్నారు. ఆ నిలకడే ఇక్కడా కావాలి. మీ అబ్బాయినో అమ్మాయినో మన ఊరి బడిలోని ఒకే ఐదుగురు పిల్లలతో, హెడ్మాస్టరు ఒప్పుకున్న వేళకు, ఏడాదంతా వారానికి అరగంట వీడియోలో చదివించమనండి. ఆ ఐదుగురి దగ్గర కొంత తెలుగు నేర్చుకోమనండి. మన బడులు శనివారం కూడా పనిచేస్తాయి. అమెరికాలో శుక్రవారం రాత్రయ్యేసరికి ఇక్కడ శనివారం ఉదయం బడి గంట కొడతారు. ఆ వేళ సరిపోతుంది.